వంకర సాళ్లు

ఖైతాన్, కువైట్
10 జూన్ 1990

రామాంజనేయులు బావకు సుబ్బయ్య దండాలు. అక్క మునిలక్ష్మికి వేరుగా పెడుతున్నాను, నీ వాటాలోంచి తీసి ఇచ్చే పని లేదు.

ఈ ఉత్తరం అన్వర్ బాషా చేతికిస్తున్నాను. వాడు సెలవు మీద మన ఊరికి వస్తున్నాడు. వాడి పెట్టెలో నీకు టార్చిలైటు, అక్కకు చీర ఉన్నాయి. రంగు బాగాలేదని అక్క అంటే చీర బాషా ఎంచాడని చెప్పు.

నా పని మారింది. దజీజ్ గోడౌన్లో మూటలు మోసేది ఖలాస్. మా కఫీల్, అదే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, నన్ను ఖైతాన్లోని తన బిల్డింగుకు హారిస్‌గా పెట్టాడు. హారిస్ అంటే కాపలాదారు. పేరు విని మీసం దువ్వుకున్నాను. తీరా వచ్చి చూస్తే మెట్లు కడగాలి, చెత్త ఎత్తాలి, మిద్దె మీద ట్యాంకుల్లో నీళ్లు నిండాయో లేదో చూడాలి, మూడో అంతస్తు జ్ఞానప్రసూనమ్మ గారికి గ్యాసు బండ మోయాలి. వాళ్లది విజయవాడ, భర్త ఇంజనీరు. ఆమె మంచి మనిషి, పిలిచి అన్నం పెడుతుంది. పెట్టినప్పుడల్లా గోంగూర లేని బతుకూ ఒక బతుకేనా అని నిట్టూరుస్తుంది. అక్కనడిగి గోంగూర, తోటకూర విత్తనాలు బాషాతో పంపు. డబ్బాల్లో వేస్తాను.

ఇక అసలు సంగతి. మొన్న సాయంత్రం మిద్దె ఎక్కాను. బిల్డింగు వెనక ఒక పెద్ద ఖాళీ జాగా ఉంది. పిల్లలు బంతి ఆడుకుంటారు, పాత కార్లు పడేస్తారు. మధ్యాహ్నం చూస్తే ఉత్త ఇసుక. పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడేసరికి నేలంతా గీతలు తేలాయి బావా. ఒక మెరక, ఒక పల్లం, మళ్లీ ఒక మెరక, అట్లా చివరిదాకా. చివరన అన్నీ కలిసి ఒకే పక్కకు వంగాయి. అచ్చం మన వరసల మిట్ట మీది పాత సాళ్లే.  కింద కొట్టు మలయాళీని పిలిచి చూపిస్తే లారీ టైర్ల గుర్తులన్నాడు. శుక్రవారం కఫీల్ పెద్దనాన్న వస్తే వచ్చీరాని అరబీలో అడిగాను. తన తాతకు తాత నాటికే అక్కడ ఒక బావి, వానకు పండే బార్లీ ఉండేవని విన్నాడట.

నువ్వేమో మన మిట్టను ట్రాక్టర్ బ్లేడుతో చదును చేసి చీనీ పళ్ల చెట్లు పెడతానని రాశావు. నేను ఒప్పుకోను. అందులో సగం నాది, అమ్మ ఇచ్చింది. కొండంతా ఎండిపోయినా ఆ పాత సాళ్లలో తడి ఉంటుంది, గడ్డి ఉంటుంది. మన పేరు కూడా తెలియనివాళ్లు ఎప్పుడో దున్ని మనకు వదిలిపోయారు. వాటిని చెరిపేయడం నాకు ఇష్టం లేదు, అంతే.

నీ బావమరిది,
బాలసుబ్బయ్య


గొల్లమిట్టపల్లె, రాయచోటి తాలూకా
8 జూలై 1990

కువైట్ హారిస్ గారికి గొల్లమిట్టపల్లె రైతు రామాంజనేయులు వ్రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం, చీర రంగు తప్ప.

మెట్లు కడగడానికి పోయి నేల పరీక్షలు మొదలుపెట్టావు. ఆ మిట్ట మీద నువ్వు మేకలు కాసేటప్పుడు సాళ్లలో పడుకుని నిద్రపోయేవాడివి. మేకలు నా చేలో పడేవి. అప్పటినుంచీ నీకు ఆ మిట్ట ముద్దు, నాకు కడుపుమంట. అది దున్నినవాడు నిండా తాగి దున్నాడని నా అభిప్రాయం. లేకపోతే చివరకొచ్చేసరికి అన్ని సాళ్లూ ఒకే పక్కకు వంకర పోవడమేమిటి? ఆ వంకరకు నా ఎద్దులు కూడా నవ్వుతాయి. తడి ఉందంటావు, గడ్డి ఉందంటావు. గడ్డి మేమే తింటామా?

మీ అక్క ముందరే నీ పక్షం చేరిపోయింది. నువ్వు దసరాకు సెలవు మీద వస్తానన్నావు కాబట్టి అంతదాకా ముట్టుకోనని నా చేత ఒట్టు వేయించింది. వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడు. విత్తనాలు తన పాత చీర గుడ్డలో మూట కట్టి బాషాకు ఇచ్చింది. రంగు చూసి కట్టావా అని అడిగాను, రెండు రోజులు మాట్లాడలేదు.

ఇట్లు,
మేకల బాధితుడు రామాంజనేయులు


ఖైతాన్
17 ఆగస్టు 1990

బావకు, అక్కకు దండాలు. ముందు ఒక మాట, మిగతాది నింపాదిగా చదవండి. నేను బతికే ఉన్నాను. రెండు పూటలా తింటున్నాను.

రేడియోలో మీరు వినే ఉంటారు. రెండో తేదీ తెల్లారేసరికి ఊరంతా ఇరాక్ సైన్యం. ఫోన్లు లేవు, పోస్టాఫీసు లేదు. కఫీల్ పెళ్లాం బిడ్డలతో సౌదీకి వెళ్లిపోతూ తాళాలగుత్తి నా చేతిలో పెట్టాడు. పెద్ద మనిషి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకూ వచ్చాయి. బిల్డింగులో సగం మంది కార్లలో వెళ్లిపోయారు. కొట్టులో బియ్యం, పప్పు ఇంకా దొరుకుతున్నాయి. ఆకుకూర, కాయగూర మాత్రం కంటికి లేవు.

బాషా మూట తెచ్చిన వారానికే ఇదంతా జరిగింది. డబ్బాల్లో వేద్దామనుకున్న విత్తనం ఆ వెనక జాగాలోనే వేశాను. వెనక గోడకున్న ఏసీల నీళ్లన్నీ పైపులతో ఒకచోటికి తెచ్చి, మిద్దె మీది వాడకం ట్యాంకు ఉప్పునీళ్లు కొంచెం కలిపి, పాత సాలు తలకట్టున వదిలాను. దారి చూపించే పని లేకపోయింది బావా. చివరి వంకరదాకా తనంతట తానే పారింది. ఎవరు వాటం చూసి పెట్టారో, వాడి కాళ్లకు మొక్కాలి.

ఆ వంకర ఎందుకో కూడా నాకు తెలిసింది. దజీజ్‌లో పొడుగాటి ట్రైలర్ లారీలు మలుపు తిరగడం రోజూ చూసేవాడిని. మలుపు దాకా నేరుగా వస్తే తిరగవు, ముందునుంచే పక్కకు ఒరుగుతూ రావాలి. మన పెద్దలు ఒక జత ఎద్దులతో దున్నలేదు. నాలుగైదు జతలు వరసగా కట్టి పెద్ద మడక లాగించి ఉంటారు. తాగినవాడు ఎవడూ లేడు, నువ్వు నీ మాట వెనక్కి తీసుకో.

బాషా రేపు బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతున్నాడు. అక్కడనుంచి మన ప్రభుత్వం విమానాల్లో బొంబాయి చేరుస్తుందట. ఈ ఉత్తరం ఎవరైనా బొంబాయిలో పోస్టు చేస్తారు. బాషా నన్నూ రమ్మని చెయ్యి పట్టి లాగాడు. కానీ నిన్ననే మొలక కనిపించింది. మొలకను వదిలి ఎట్లా వచ్చేది? తోటకూర ఒక కోత కోశాక బయలుదేరతాను.

సుబ్బయ్య


గొల్లమిట్టపల్లె
4 సెప్టెంబర్ 1990

ఒరేయ్ సుబ్బయ్యా,

ఈసారి ఆశీర్వాదాలు లేవు. నీ ఉత్తరం వచ్చేదాకా మీ అక్క అన్నం ముట్టలేదు. వచ్చాక చదివి, నువ్వు బతికున్నావని ఏడ్చింది. రెండోసారి చదివి, నువ్వు తోటకూర కోసం ఆగావని రోకలి తీసుకుంది. నువ్వు దొరకలేదు కాబట్టి నేను బయట పడుకున్నాను.

చుట్టుపక్కల పల్లెల్లో కువైట్ నుంచి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కట్టుబట్టలతో దిగుతున్నారు, అయినా దిగుతున్నారు. బస్సు ఆగినప్పుడల్లా మీ అక్క పోయి నిలబడుతుంది. ఎవరో దిగుతారు, వాళ్లకు మంచినీళ్లిచ్చి తిరిగొస్తుంది. నాకు అది చూడబుద్ధి కావడం లేదు.

బాషా అమ్మాన్ నుంచి రాశాడు. వాడికి అరబీ బాగా వచ్చు కాబట్టి క్యాంపులో మనవాళ్లకు సాయంగా ఉండిపోయాడట. ఉత్తరం తనకు పంపితే ఖైతాన్ వైపు తిరిగి వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తానన్నాడు. అందుకే ఇది నీకు అందుతుంది. కూర్చుని విను. విజయదశమి నాటికి నువ్వు ఈ ఇంటి గడపలో లేకపోతే ఆ రోజే ట్రాక్టర్ మిట్ట ఎక్కుతుంది. మాట్లాడి పెట్టాను. ఒక్క సాలు మిగలదు. వంకరవీ, తిన్ననివీ అన్నీ పోతాయి. నేను వేసిన ఒట్టు దసరాదాకానే. తర్వాత నా మిట్ట, నా చీనీ తోట.

తోటకూర కావాలా, మిట్ట కావాలా, తేల్చుకో.

రామాంజనేయులు


ఖైతాన్
9 సెప్టెంబర్ 1990

బావకు, అక్కకు దండాలు.

తోటకూర కోశాం. జ్ఞానప్రసూనమ్మ గారు పప్పులో వేసి బిల్డింగులో మిగిలిన అందరికీ పెట్టింది. ఈజిప్టు ఆయన రొట్టెతో తిన్నాడు, మలయాళీ రెండుసార్లు వేయించుకున్నాడు. ఆమె ఆ పూట గోంగూర కోసం నిట్టూర్చలేదు. ఆమె, భర్త రేపు బయలుదేరుతున్నారు. ఈ ఉత్తరం వాళ్లే తెస్తున్నారు.

ఒక ముచ్చట జరిగింది. వీధి మొదట్లో సైనికుల చెక్‌పోస్టు ఉంది. నేను పార తీసుకుని సాలు సరిచేస్తుంటే కందకాలు తవ్వుతున్నాననుకుని ఒకడు తుపాకీ పట్టుకుని వచ్చాడు. నా వయసువాడే, మీసం నెరిసింది, బూట్లు కాలికి పెద్దవి.  మూట విప్పి విత్తనాలు చూపించాను. వాడు కొన్ని అరచేతిలో పోసుకుని, ఊది, పళ్ల మధ్య ఒకటి కొరికి చూశాడు. బావా, ఆ కొరకడం చూసి నా భయం పోయింది. అది రైతు చేసే పని. వాడిది బస్రా దగ్గర పల్లె అట, ఖర్జూరం తోటలున్నాయట. రెండు యుద్ధాలకు తీసుకొచ్చారని వేళ్లు చూపించి చెప్పాడు.

ఆ రోజునుంచి రోజూ వచ్చి తగువు పెడుతున్నాడు. ఇక్కడ గాలి ఇసుక తెచ్చి సాలు పొడవునా నింపుతుంది. గాలికి అడ్డంగా గోంగూర ఒక వరస వెయ్యి, అదే కంచె అవుతుంది అంటాడు. పెద్దల సాళ్లకు అడ్డం పోయేది లేదని నేను. వాడు చేతులు తిప్పుతాడు, నేను తల తిప్పుతాను. అచ్చం నీతో మాట్లాడినట్టే ఉంటుంది, నీకంటే వాడు కొంచెం తక్కువ తిడతాడు.

గోంగూర విత్తనం కట్టేదాకా ఉంటాను. ఈ నేల విత్తనం తెచ్చి మన మిట్టలో చల్లాలని కోరిక. మిట్ట సంగతి ఆలోచించాను. ఊరికే చూసుకుని మురవడానికి కాదు ఆ సాళ్లు, విత్తడానికి. నువ్వన్నది నిజమే, గడ్డి మనం తినం. నేలలో వాన పదును పోకముందే, సాళ్లు చెరపకుండా నువ్వే విత్తుకో. నా సగం కూడా నువ్వే తీసుకో బావా. నాకోసం చూడొద్దు.

సుబ్బయ్య


గొల్లమిట్టపల్లె
22 సెప్టెంబర్ 1990

చిరంజీవి సుబ్బయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు జవాబులు రాసి చింపాను, ఇది మూడోది, అక్షరాలు సరిగా లేకపోతే ఏమనుకోకు. నా సగం నువ్వే తీసుకో, నాకోసం చూడొద్దు అని రాసేవాడు మనసులో ఏం పెట్టుకుని రాస్తాడో మాకు తెలియదా? తుపాకీ పట్టుకుని రోజూ ఎవడో వస్తున్నాడని పై పేజీలోనే ఉంది. నవ్వుతాలుగా రాస్తే మాకు అర్థం కాదనుకున్నావా?

నాకు నీ సగం వద్దు. నా సగం కూడా నువ్వే ఉంచుకో. ఆ మిట్ట మీద నేను కాలు పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను. వంకర సాళ్లు వంకరగానే ఉంటాయి. దున్నినవాడు తాగలేదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీనీ చెట్లు కంటి నిండా వేరేవాళ్ల తోటలో చూసుకుంటాను. నువ్వు రా. మేకలు నా చేలో పడ్డా ఏమీ అనను.

బావ

తమ్ముడూ, నేను అక్కను. మీ బావ లేచి బయటికి పోయినాడు, అందుకని నేను రాస్తున్నా. ట్రాక్టర్ ఏమీ లేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. మీ కువైట్ యుద్ధం పుణ్యమా అని ఇక్కడ డీజిల్ చుక్క దొరకదు. నిన్ను బెదిరించి రప్పించాలని రాసినాడు. దానికి మనసు కష్టపెట్టుకుని నువ్వు సగం రాసిచ్చినావేమో అని రోజూ నలుగుతున్నాడు. బస్సు దగ్గరికి ఇప్పుడు ఆయనే పోతున్నాడు. నన్ను రావద్దంటాడు.


ఖైతాన్
26 సెప్టెంబర్ 1990

రామాంజనేయులుకు,

బావా అని పిలవబుద్ధి కావడం లేదు. నీ సెప్టెంబర్ నాలుగో తేదీ ఉత్తరం ఇవాళ అందింది. సాళ్లు చెరపకుండా విత్తుకో అని నేను మర్యాదగా రాసే వేళకే నువ్వు ట్రాక్టర్ మాట్లాడి పెట్టావా? గాలిలో ఎగిరినా విజయదశమికి నేను చేరలేను, అది తెలిసే పెట్టావు గడువు. సరే, నేను బయలుదేరుతున్నాను. వచ్చి ఆ ట్రాక్టర్ ముందు చక్రం కింద పడుకుంటాను. అక్కకు అన్నగా, తమ్ముడిగా నేనొక్కడినే, తర్వాత నీ ఇష్టం.

తాళాలు మలయాళీకి ఇచ్చాను. గోంగూర మోకాలెత్తు ఉంది. దాన్ని వదిలి వస్తుంటే నాకు ఎట్లా ఉందో నీలాంటివాడికి చెప్పి లాభం లేదు.

పొద్దున ఆ సైనికుడిని పిలిచి, నీళ్ల పైపు ఎక్కడ తిప్పాలో చూపించి, పైరు నీదేనన్నాను. అక్క మూటలో మిగిలిన విత్తనం గుడ్డతో సహా ఇచ్చి, మీ ఊళ్లో వేసుకో అన్నాను. వాడు మూట లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.  వాడు గాలి వచ్చే దిక్కు చూపించి మళ్లీ చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను మళ్లీ తల తిప్పాను.

ట్రాక్టర్‌ను ఆపు.

బాలసుబ్బయ్య


అమ్మాన్ క్యాంపు
7 అక్టోబర్ 1990

బావా,

ఇక్కడ బాషా నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం చేతిలో పెట్టాడు. దారి పొడవునా నిన్ను తిట్టుకుంటూ వచ్చాను, ఎడారిలో అదే నాకు తోడు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఏం చేసుకోవాలి? నేను చస్తానని కాదు రాసింది, పదును పోతుందని రాశాను. నువ్వు చీనీ తోట వదులుకున్నావు, నేను గోంగూర వదులుకున్నాను. ఇద్దరం కలిసి సాధించింది ఇది. బాషా నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను గుడారం వెనక్కి పోయి కాసేపు ఏడ్చాను, బాషాకు చెప్పకు.

వెనక్కి పోదామంటే బస్సు లేదు. వారంలో విమానం అంటున్నారు. అక్కకు రోకలి దాచిపెట్టమని చెప్పు.

నీ సుబ్బయ్య


ఖైతాన్
15 డిసెంబర్ 1991

రామాంజనేయులు బావకు, మునిలక్ష్మి అక్కకు సుబ్బయ్య దండాలు.

క్షేమంగా చేరాను. కఫీల్ కూడా తిరిగి వచ్చాడు, చిక్కిపోయాడు. ఇక్కడ ఉండడానికి కొత్త ఇఖామా కాగితం అయింది, పాత తాళాలగుత్తే మళ్లీ చేతికిచ్చాడు. కింద కొట్టు మలయాళీ బిల్డింగును కంటికి రెప్పలా చూసుకున్నాడు. గోడలకు నూనె బావుల పొగ మసి పట్టింది, కడుగుతున్నాను. జ్ఞానప్రసూనమ్మ గారి వాటా ఖాళీగానే ఉంది.

ఇక్కడికొచ్చాక నీ ఉలవలు గుర్తొస్తున్నాయి. నిరుడు నేను బస్సు దిగి, ఇల్లు కూడా చూడకుండా మిట్ట ఎక్కితే, నువ్వు గొర్రు కట్టి ఆ సాళ్ల వెంబడే ఉలవలు విత్తుతున్నావు. కాలు పెట్టనని రాసిన మనిషివి. అదేమంటే, పదును పోతోందని నువ్వే కదా రాశావు అన్నావు. చివరి వంకర దగ్గర ఎద్దులను తిప్పలేక పెద్దలను తిడుతున్నావు. గొర్రు నా చేతికిచ్చి గట్టు మీద కూర్చుండిపోయావు. ఆ రోజు నీ కళ్లలో దుమ్ము పడిందన్నావు. పడే ఉంటుంది, నేను కాదనను.

వెనక జాగా సంగతి చెప్పాలి. వచ్చిన రోజు చూస్తే గుండె నీరయింది. సైన్యం లారీలు నిలిపారు, పోయాక బుల్‌డోజర్ తెచ్చి చదును చేశారు. అచ్చం నువ్వు మన మిట్టకు చేస్తానన్న పనే. ఒక్క గీత లేదు. ఆ పూట మిద్దె ఎక్కలేదు, మనసొప్పలేదు.

పోయిన వారం ఒక వాన పడింది. మొన్న సాయంత్రం ట్యాంకులో నీళ్లు చూడడానికి ఎక్కక తప్పలేదు. పొద్దు వాలింది. బావా, ఉన్నాయి. సన్నగా, పాత ఫొటోలో మనుషుల్లాగా, ఒక మెరక, ఒక పల్లం, చివర ఆ వంకర. పల్లాల్లోనే తడి నిలిచింది. పైపైన చదును చేస్తే ఏమవుతుంది, వాళ్లు అంత లోతుగా దున్నారు. నేను ఒక్కడినే మిద్దె మీద నవ్వుకున్నాను.

పరుగెత్తుకుంటూ దిగాను, నా గోంగూర ఏమైనా మిగిలిందేమో అని. నా సాళ్లలో ఒక్క మొక్క లేదు. కానీ అవతల, చెక్‌పోస్టు ఉన్న చోట, గోడ పక్కన బుల్‌డోజర్ పోని మూలలో ఒక వరస కనిపించింది. నిరుటి కట్టెలు, ఎండిపోయి, నా భుజమెత్తు. కాయలు ఇంకా పట్టుకునే ఉన్నాయి, కింద వానకు కొత్త మొలకలు. తాడు పట్టి వేసినంత తిన్నగా, గాలికి సరిగ్గా అడ్డంగా ఉంది ఆ వరస. ఇసుక అవతలే ఆగింది. ఇవతల నేల శుభ్రంగా ఉంది. ఒక కట్టెకు గుడ్డ పీలిక కట్టి ఉంది. రంగు వెలిసినా అది అక్క చీరేనని తెలుస్తోంది.

ఊళ్లో వేసుకొమ్మని ఇచ్చిన విత్తనం వాడు ఇక్కడే వేశాడు. ఇల్లు చేరాడో లేదో ఎవరినడగాలో తెలియదు. అడిగితే చెప్పేవాళ్లు ఈ ఊళ్లో లేరు, ఇరాక్ వాడి పేరు ఎత్తేటట్టు కూడా లేదు, వీళ్ల బాధ వీళ్లది. వాడి పేరు నాకే తెలియదు. తగువులోనే కాలం గడిపాం.

కాయలన్నీ నలిపి విత్తనం తీశాను. ఒకటి కొరికి చూశాను, గట్టిగా ఉంది. నెలాఖరుకు బాషా వస్తున్నాడు, వాడితో మూట పంపుతున్నాను. మన మిట్టలో పడమటి గట్టు దగ్గర చల్లు. సాళ్ల వెంబడి కాదు బావా, అడ్డంగా ఒక వరస వెయ్యి. తిన్నగా రావాలి, తాడు పట్టి వెయ్యి.

నీ బావమరిది,
బాలసుబ్బయ్య